హెప్సీ పియానో చేపడం లేదు

ఈ ఉదయం పియానో తపేలా అడుగు కూడా నింపలేదు. నిన్న సగానికి వచ్చింది. ఎడమ వైపు మెట్లని మళ్ళీ ఒకసారి, బతిమాలుతున్నట్టు మెల్లగా నొక్కి చూస్తాను. ఒక్క చుక్క జారి తపేలా అంచుకి తగులుతుంది. సన్నగా మోగి ఆగిపోతుంది.

"అయిపోయిందా?" అంటారు మా ఆయన జీవరత్నం. వడగుడ్డ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఇంతేనండి."

ఆయన వచ్చి తపేలాలోకి తొంగి చూస్తారు. ఈ కాస్తకి వడకట్టడం కూడా ఎందుకనేమో, గుడ్డ మడిచి భుజం మీద వేసుకుంటారు.

పియానోని హాల్లో కిటికీ పక్కన గుంజకి కట్టి ఉంచాం. మిషను బంగళా ఖాళీ చేసి వెళ్ళిపోతున్న దొరసాని గారి దగ్గర కొన్నది. నల్లగా, పొట్ట పెద్దగా ఉంటుంది. మనుషుల్ని గుర్తుపడుతుంది. పొద్దున్నే దాని కింద ఊడ్చి, గోరువెచ్చని నీళ్ళతో పొట్ట తుడిచి, తపేలా పెట్టి, స్టూలు మీద కూర్చుని వాయిస్తాను. వాయించింది గాల్లోకి రాదు. కిందికి దిగుతుంది, తెల్లగా, నురగతో. దాన్ని వడకట్టి రెండు గ్లాసుల్లో పోసుకుని బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుంటాం. గ్లాసు చెవికి ఆనించుకుంటే పాట వినిపిస్తుంది. తాగితే ఒంట్లో వినిపిస్తుంది.

అందులో మా అమ్మాయి ఉంది.

అమ్మాయి పేరు హెప్సిబా. మాకు హెప్సీ. కోత పండుగకి గుళ్ళో వాయించాలని ఒక పాట మొదలుపెట్టి సగం నేర్చుకుంది. ఈలోగా వానలు పట్టాయి, జ్వరం వచ్చింది, పాట సగంలో ఉండగానే పిల్ల పోయింది. గుడి వెనక సమాధుల తోటలో పెట్టాం. ఇంట్లో ఆదరణ కూటం అయ్యి, జనమంతా వెళ్ళిపోయాక, పియానో మీద దుమ్ము తుడుస్తుంటే నా మోచేయి తగిలి ఒక మెట్టు నొక్కుకుపోయింది. నేల మీద తెల్లటి చుక్క పడింది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. అది హెప్సీ ఊపిరి. ఒట్టి ఊపిరి, మాటలేమీ లేవు. అయినా ఎవరి పిల్ల ఊపిరి వాళ్ళకి తెలియకుండా ఉంటుందా?

వాయించేటప్పుడు హెప్సీకి ఒక చోట వేలు తప్పేది. ఎప్పుడూ అదే చోట. పాట పైకి పోయి మెలిక తిరిగే దగ్గర, తెల్ల మెట్టు నొక్కబోయి పక్కనున్న నల్ల మెట్టు నొక్కేది. నొక్కి, నాలికతో "ప్చ్" అనేది. తన మీద తనకే విసుగు, అచ్చం ముసలమ్మలాగా. అప్పట్లో వంటింట్లోంచి విని నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ "ప్చ్" మీదే బతుకుతున్నాం. పాట ఆ చోటుకి వస్తుంటే ఆయన గ్లాసు పట్టుకున్న చెయ్యి కదలదు. "ప్చ్" వస్తుంది. ఆయన కళ్ళు మూసుకుని పెద్దగా నిట్టూరుస్తారు. నేను గుటక మింగి గ్లాసులు కడగడానికి లేస్తాను. మళ్ళీ సాయంత్రం పూట దాకా ఎలాగో లాక్కొస్తాం.

పియానో వట్టిపోతే హెప్సీ రెండోసారి పోతుంది. ఈసారి పాతిపెట్టడానికి కూడా ఏమీ ఉండదు.

అందుకని రోజూ రెండు పూటలా వాయించాలి. పాడి ఉన్న ఇంట్లో ఊరికి వెళ్ళడం, ఒంట్లో బాగాలేదని పడుకోవడం కుదరదు. ఇక్కడా అంతే. కానీ నిజం చెప్పాలంటే నాకు పియానో అంటే ఇష్టం లేదు. నావి లేసు అల్లిన వేళ్ళు, దారానికి అలవాటు పడ్డవి. పిల్ల కోసమే వాయిస్తున్నాను. పిల్ల కోసమైనా సరే, అదే పని, అదే చోట, అదే వేళకి అంటే ఒళ్ళు ఇసుక బస్తా అయిపోతుంది. దుఃఖంలో ఇంత బద్ధకం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. ఏడవమంటే రోజంతా ఏడుస్తాను. స్టూలు మీద కూర్చోమంటేనే కాళ్ళు రావు.

మా ఆయనకి పట్టుదల ఎక్కువ. దాన్ని ఆయన నా పనుల మీదే చూపిస్తారు. అగ్గిపెట్టె తీసుకెళ్ళి పియానో లోపల తీగల మధ్య దాచారు. పాట మెలిక దాటితే గాని అది బయటికి జారదు, స్టవ్వు వెలగదు. పొద్దున్నే నా మంచానికీ స్టూలుకీ మధ్య దూరం పెరుగుతోందని చెప్పాను. ఆయన వాదించలేదు. స్టూలుని మంచం పక్కకే తెచ్చి, నేను దాని మీదికి దొర్లాక, నాతో సహా మోసుకెళ్ళి పియానో ముందు దించుతున్నారు.

"మొత్తం వద్దు దయా, మొదటి వరస వాయించి లేచిపో," అంటారు ప్రతిరోజూ.

మొదటి వరస వాయిస్తే చేతులు వాటంతటవే రెండో వరసలోకి వెళ్ళిపోతాయి. చేతులకి బుద్ధి తక్కువ. ఆ సంగతి ఆయనకి తెలుసు. నాకూ తెలుసు. అయినా ప్రతిరోజూ ఆ మాట నమ్ముతాను. పాట అయ్యాక ఆయన పియానోకి తెలగపిండి ముద్ద పెడతారు, నా నోట్లో బెల్లం ముక్క పెడతారు. ఒక్కోసారి కంగారులో నాకు తెలగపిండి వస్తుంది.

ఇంత చేసినా కొన్ని పూటలు మానేశాను. మానేసిన పూటలు ఎక్కడికీ పోవు. వచ్చి మా వరండాలో కూర్చుంటాయి. తెల్ల చీరలు కట్టుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని, పరామర్శకి వచ్చినవాళ్ళలా గోడకి ఆనుకుని కూర్చుంటాయి. కాఫీ ఇస్తే పుచ్చుకోవు. పల్లెత్తు మాట అనవు. నేను తలొంచుకుని వాటిని దాటుకుంటూ కూరగాయలకి వెళ్ళి వస్తుంటాను. వాటిలో ఒకామె, బహుశా మొన్న నేను తలనొప్పని చెప్పి పడుకున్న సాయంత్రం అయ్యుంటుంది, ఎప్పుడూ కాళ్ళు ముడుచుకుని నాకు దారి ఇస్తుంది.

"పర్లేదమ్మా, మీ పని మీరు చూసుకోండి. మేం కూర్చుంటాం," అంటుంది.

అలా అనకుండా ఉంటే బాగుణ్ణు అనిపిస్తుంది.

ఈ ఉదయం వచ్చిన ఆ కాస్తనే ఇద్దరం పంచుకుంటాం. గ్లాసు అడుగున పాట పలచగా ఉంది. మొదటి వరస, రెండో వరస, హెప్సీ ఊపిరి, స్టూలు మీద కదిలిన చప్పుడు. పాట పైకి వెళ్తుంది. మెలిక తిరుగుతుంది. తెల్ల మెట్టు మోగుతుంది, తప్పులేకుండా. దాటిపోతుంది.

ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు.

"ఏదీ?" అంటారు కాసేపటికి.

"రాలేదండి."

"నల్ల మెట్టు నొక్కావా నువ్వు?"

"నొక్కుదామనే వెళ్ళాను. వేలు ఒప్పుకోలేదు."

అదీ జరిగింది. నేను బాగుపడుతున్నాను. రోజూ రెండు పూటలా కూర్చుంటే ఎవరైనా బాగుపడతారు, ఇష్టం ఉన్నా లేకపోయినా. మొదట్లో నాకూ ఆ మెలిక దగ్గర చెయ్యి తడబడేది, పియానో దాన్ని హెప్సీ తడబాటే అనుకుని ధారాళంగా ఇచ్చేది. ఇప్పుడు వేలు దారి నేర్చేసుకుంది. వాయించడం ఆపితే వట్టిపోతుంది. ఆపకపోతే నేను ఇంకా బాగా వాయిస్తాను, "ప్చ్" రాదు. ఈ రెండింటి మధ్య నిలబడడానికి చోటు లేదు.

ఈ రోజు రాకూడదని, తప్పు వాయించడానికి ఇన్నాళ్ళూ చాలా చేశాను. కళ్ళకి గంతలు కట్టుకున్నాను. చేతులు మార్చి కుడి వైపువి ఎడమ చేత్తో వాయించాను. చివరికి వేలికి చీపురుపుల్ల కట్టుకుని వాయించాను. కొన్నాళ్ళకి చీపురుపుల్ల కూడా నేర్చేసుకుంది.

"అక్కకి కబురు పెడతాను," అంటారు ఆయన.

సువార్త వదిన మా ఆయన అక్క. మొగల్తూరులో గేదెలు కాస్తుంది. కబురు అందేలోపే వచ్చేస్తుంది, ఆవిడకి ఎప్పుడూ అదే అలవాటు. వరండాలో కూర్చున్నవాళ్ళందరికీ పేరుపేరునా వందనాలు చెప్పి, చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తుంది. నన్ను పలకరించదు. నేరుగా పియానో దగ్గరికి వెళ్ళి దాని పక్క మీద చెయ్యి వేస్తుంది. పొట్ట కింద నొక్కి చూస్తుంది. మూత ఎత్తి పళ్ళు చూస్తుంది.

"ఇది వట్టిపోలేదే," అంటుంది. "పొట్ట చూడు ఎలా బిగుసుకుపోయిందో. నిండా ఉన్నాయి. ఎగజేపుతోందిది."

"అంటే వదినా?"

"ఉంచుకుని ఇవ్వట్లేదు. దాని పిల్లకని దాచుకుంటోంది."

"పిల్ల లేదు కదక్కా," అంటారు మా ఆయన.

"లేదని దానికెవరన్నా చెప్పారా?"

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. ఎవరూ చెప్పలేదు. కూటం నాడు గుడి అయ్యగారు అందరికీ ఓదార్పు మాటలు చెప్పారు గానీ దాని వైపు తిరగలేదు.

"ఇన్నాళ్ళూ దయా చేతులు చిన్నపిల్ల చేతుల్లా తడబడితే తన పిల్లే అనుకుని చేపింది, ధార వదిలింది," అంటుంది వదిన. "ఇప్పుడు ఎవరో పెద్దమనిషి పిండుతోందని కనిపెట్టేసింది. కనిపెట్టాక ఇవ్వదు. గేదైనా అంతే, ఇదైనా అంతే. నువ్వు చెప్పు రత్నం, ఈనిన గేదెకి దూడ పోతే ఏం చేస్తాం మనం?"

ఆయన చిన్నప్పుడు ఆ గేదెల మధ్యే పెరిగారు. అడగ్గానే బళ్ళో పిల్లాడిలా చెప్పేస్తారు.

"దూడ తోలు ఒలిచి ఎండబెడతాం. లోపల గడ్డి కూరి కుట్టేస్తాం. దాన్ని గేదె ముందు నిలబెడితే, దూడే అనుకుని నాకుతుంది. నాకుతూ చేపుతుంది."

చెప్పింది ఆయన చెవికి అప్పుడే చేరుతుంది. హాల్లో పియానో ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటుంది.

"మన దగ్గర తోలు లేదక్కా," అంటారు చివరికి, చాలా మామూలుగా, ఇంట్లో పంచదార లేదని చెప్పినట్టు.

ఆ మాటకి నాకు ఆయనంటే అసహ్యం వేస్తుంది. అంతకంటే ఎక్కువగా జాలి వేస్తుంది.

"గౌనుంది కదా," అంటుంది వదిన.

వాయించేటప్పుడు హెప్సీ వేసుకునే గళ్ళ గౌను ఉంది. నేను ఉతకలేదు. బీరువాలోంచి తీసి ఇస్తాను. వదిన తెచ్చుకున్న మోపులోంచి ఎండుగడ్డి తీసి గౌను నిండా కూరుతుంది, చేతులకి, నడుముకి, కుచ్చిళ్ళకి. దాన్ని పియానో కాలికి ఆనించి నిలబెడుతుంది. పియానో తనే మూత ఎత్తి గౌనుని వాసన చూస్తుంది. మెడ దగ్గర కాసేపు ఆగుతుంది. అంతలో మూత ధనామని దించేసి మొహం కిటికీ వైపు తిప్పుకుంటుంది.

"గడ్డిలో రక్తసంబంధం లేదు మరి," అంటుంది వదిన. "పైనున్న గౌను దాని పిల్లదే. కింద చర్మం కూడా ఆ పిల్లకి సంబంధించిందై ఉండాలి."

ఇద్దరూ నా వైపు చూస్తారు. నేను కూడా నా వైపు చూసుకుంటాను.

"నేను పట్టను వదినా. గౌను చిన్నది."

"పట్టేటట్టు చేద్దాం. లోపలున్నవి తీసేస్తే ఎవరైనా పడతారు."

పెరట్లో ఎండ బాగా ఉంది. చాప వేసి కూర్చోమంటారు. వదిన నా ఎడమ చంక కింద కుట్టు ఎక్కడుందో వేలితో తడిమి వెతికి, దారం కొస పట్టుకుని లాగుతుంది. నొప్పి లేదు. చాలా కాలం మూసి ఉంచిన పెట్టె తెరిచినట్టు లోపలికి చల్లగాలి తగులుతుంది. ఆయన చేట పట్టుకుని పక్కన కూర్చుంటారు. వదిన ఒక్కొక్కటే తీసి చేటలో వేస్తుంది. పుట్టింటి వీధి. లేసు అల్లే విద్య, పెద్ద చిక్కు ఉండలాగా. పెళ్ళినాడు గుళ్ళో చెప్పిన ప్రమాణం. ఆదివారం మధ్యాహ్నాల నిద్ర. కన్నీళ్ళు, ఒక ఇత్తడి చెంబు నిండా.

హెప్సీ పుట్టిన రోజు తీస్తున్నప్పుడు నేను ఆవిడ చెయ్యి పట్టుకుంటాను.

"అది ఉంచు వదినా."

"బరువమ్మా. అది ఉంటే నువ్వు పెద్దదానిలాగే ఉంటావు. పియానో నమ్మదు."

తీసేస్తుంది. ఆయన దాన్ని చేటలో మిగతావాటికి తగలకుండా ఒక మూలకి సర్దుతారు. ఆఖరున వేళ్ళ కొసల్లోంచి పాటని బయటికి లాగుతుంది. నేను ఇష్టం లేకుండా నేర్చుకున్న పాట. పొడుగ్గా, ఎక్కడా ముడి లేకుండా వస్తుంది. చూసి నాకే ఆశ్చర్యం వేస్తుంది, ఇంత బాగా నేర్చుకున్నానా అని.

తర్వాత గడ్డి కూరడం మొదలుపెడుతుంది. గడ్డి లోపల గరగరలాడుతుంది, తేలిగ్గా ఉంటుంది.

"వదినా, పియానోకి దూడని పెడుతున్నారు. బాగానే ఉంది. పిల్ల పోయింది దానికొక్కదానికే కాదు కదా. మరి నాకు ఎవర్ని పెడతారు?"

వదిన దారం పళ్ళతో తెంపి, కాసేపు నిజంగానే ఆలోచిస్తుంది.

"నిన్ను పిండేవాళ్ళెవరూ లేరు కదా, దయా," అంటుంది.

ఆ మాటలో నాకు తప్పేమీ కనపడదు. ఏడుద్దామంటే చెంబు చేటలో ఉంది.

గౌను సరిపోతుంది. జబ్బల దగ్గర కొంచెం వదులు కూడా. ఆయన నన్ను చంకన వేసుకుని హాల్లోకి తెచ్చి పియానో పక్కన నిలబెడతారు. మోకాళ్ళు నిలవకపోతే వెనక చీపురు ఆసరా పెడతారు.

పియానో మూత ఎత్తుతుంది. నా జుట్టు వాసన చూస్తుంది. మెడ, చెవుల వెనక, అరచేతులు. ఒక పెద్ద వెచ్చటి ఊపిరి నా మొహం మీద వదులుతుంది. ఆ తర్వాత లోపలి నుంచి ఉన్ని నాలిక చాపి నన్ను నాకడం మొదలుపెడుతుంది. నుదురు నాకుతుంది. కళ్ళు నాకుతుంది. గౌను మెడపట్టీ సర్దినట్టు నాకుతుంది. హెప్సీ పోయినప్పటి నుంచి నన్నెవరూ ఇంత ప్రేమగా ముట్టుకోలేదు. ఇది నా కోసం కాదని తెలుసు. అయినా కదలకుండా నిలబడతాను.

"కూర్చో రత్నం, చేపుకొచ్చింది," అంటుంది వదిన మెల్లగా.

ఆయనకి పియానో రాదు. రానవసరం లేదు. స్టూలు మీద కూర్చుని మెట్ల మీద చేతులు ఊరికే పెడతారు, అంతే, ధార మొదలవుతుంది. తపేలా నిండుతుంది. వదిన బిందె తెచ్చి పెడుతుంది. బిందె నిండుతుంది. స్నానాల గంగాళం దొర్లించుకొస్తుంది. పియానో నన్ను నాకుతూనే ఉంది, కళ్ళు అరమూసుకుని, ఇన్నాళ్ళు దాచుకున్నదంతా వదిలేస్తోంది. ఇప్పుడు గ్లాసు అక్కర్లేదు. హాలంతా వినిపిస్తోంది.

మొదటి వరస. రెండో వరస. పిల్ల ఊపిరి. పాట పైకి వెళ్తుంది. ఆయన చేతులు మెట్ల మీదే ఉన్నాయి గానీ ఒళ్ళంతా చెవులయ్యాయి. పాట మెలిక తిరుగుతుంది.

తెల్ల మెట్టు. స్వచ్ఛంగా, సరిగ్గా, ఎక్కడా తొణకకుండా.

పాట ఆగదు. హెప్సీ ఆపేసిన చోటు కూడా దాటిపోతుంది. తను ఎన్నడూ తెరవని పేజీలోకి వెళ్ళి, అక్కడ కూడా ఒక్క తప్పు లేకుండా నడిచి, చివరిదాకా వెళ్ళి, పూర్తవుతుంది. పిల్ల లోపల రోజూ సాధన చేస్తోందన్నమాట. ఎవరూ స్టూలుతో సహా మోసుకెళ్ళకుండా, నోట్లో బెల్లం పెట్టకుండా, మాకంటే క్రమంగా చేసింది. నేర్చేసుకుంది.

"దయా, విన్నావా? మొత్తం వాయించిందే మన పిల్ల," అంటారు ఆయన. మొహం వెలిగిపోతోంది. "ఒక్క తప్పు లేదు."

తర్వాత ఆయన అన్న మాట ఆయనకే వినపడుతుంది. తపేలా ఎత్తి గటగటా తాగుతారు. బిందె వంచి తాగుతారు. గంగాళంలోకి చెయ్యి పెట్టి కలుపుతారు, అడుగున ఏమన్నా దిగిందేమోనని.

"ఏదక్కా?" అంటారు. "ప్చ్ ఏదీ?"

"అన్నీ వచ్చేసినయి రత్నం. ఇక దాని దగ్గరేం లేదు," అంటుంది వదిన.

అప్పుడు నాలో ఏదో కదులుతుంది. గడ్డి మధ్య, చాలా చిన్నగా, ఎడమ వైపు. వదిన చేతికి తగలనంత చిన్నది. నేను కదలను. మళ్ళీ కదులుతుంది. ప్చ్.

ఎక్కడికి పోతుంది మరి. రోజూ రెండు పూటలా తాగాను. ఆయనా తాగారు గానీ, వచ్చినప్పుడల్లా నిట్టూర్చి బయటికి వదిలేసేవారు. నేను గుటక వేసి గ్లాసులు కడగడానికి వెళ్ళిపోయేదాన్ని. హెప్సీ చేసిన ఒకే ఒక తప్పు ఇప్పుడు నా దగ్గర తప్ప ఎక్కడా లేదు. పియానో దగ్గర లేదు. హెప్సీ దగ్గర కూడా లేదు. ఆయనకి చెప్పాలి అనుకుంటాను. చెప్పను.

ఖాళీ అయిన పియానో ఒళ్ళు విదిలించుకుంటుంది. పలుపు ఒక్క గుంజు గుంజి తెంపుకుని, నన్ను గౌను మెడపట్టీ దగ్గర మెల్లగా పళ్ళతో పట్టుకుని బయటికి నడుస్తుంది.

"పోనివ్వండి, పిండాక నీళ్ళకి పోతుంది," అంటోంది వదిన వెనక నుంచి.

నీళ్ళంటే మా వీధి చివర కాలువ. సాయంత్రం ఎండ నీళ్ళ మీద పచ్చగా పడుతోంది. కాలువ పొడుగునా పియానోలు పడుకుని ఉన్నాయి. నల్లటి వీపులు మాత్రం పైకి కనపడుతున్నాయి, మీద కొంగలు వాలి ఉన్నాయి. ఒక్కో దాని పక్కన ఒక్కొక్కరు మొల లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. ఒకరికి బడి చొక్కా తొడిగి ఉంది. ఒకరికి పసిపిల్లల జుబ్బా తొడిగి ఉంది, పైన మాత్రం గడ్డం నెరిసిన మొహం. ఎవరూ ఎవరితో మాట్లాడుకోవడం లేదు. నా పియానో నన్ను వాళ్ళ వరసలో దింపి, నీళ్ళలోకి జారి, ఒక్క బుడగ వదిలి, వీపు మిగుల్చుకుని పడుకుంటుంది. నన్ను మరిచిపోతుంది.

లోపల గడ్డి నానుతోంది. నానిన కొద్దీ ఉబ్బుతోంది. గుండెల దగ్గర బరువు మొదలవుతుంది. ఈ బరువు నాకు తెలుసు. హెప్సీ పుట్టిన కొత్తల్లో, పిల్ల ఏడుపు వినగానే ఇలాగే వచ్చేది. ఆ రోజుల్ని చేటలో వేసేశారు గానీ ఒంటికి గుర్తుంది. గౌను ముందు భాగం తడుస్తోంది. కాలువ నీళ్ళయితే చల్లగా ఉండాలి. ఇది వెచ్చగా ఉంది.

ఆయన గట్టు దిగి వస్తున్నారు, పంచె పైకి కట్టుకుని, తపేలా ఛాతీకి ఆనించుకుని. గౌను మీది తడి చూశారు. చూడగానే తెలిసిపోయింది ఆయనకి. గేదెల మధ్య పెరిగిన మనిషి.

నా పక్కన నిలబడి వీపు మీద చెయ్యి వేస్తారు. పైనుంచి కిందికి నిమురుతారు.

"నీ దగ్గరుంది కదూ," అంటారు. "ఒక్కసారి దయా. ఒక్కసారి వింటాను. మళ్ళీ అడగను."

మళ్ళీ అడుగుతారు. సాయంత్రం అడుగుతారు, రేపు పొద్దున్న అడుగుతారు. విని, కళ్ళు మూసుకుని, నిట్టూర్చి వదిలేస్తారు. ఆయన ఏడుస్తున్నారు. ఇప్పుడు కూడా నాకు ఆయనంటే ప్రేమే. ఇచ్చెయ్యమని ఒళ్ళంతా లాగుతోంది. నాలో అది ఇంకోసారి అంటుంది, ప్చ్, తన మీద తనకే విసుగ్గా. నేను గడ్డినంతా దాని చుట్టూ దగ్గరికి లాక్కుంటాను. పొట్ట బిగబడతాను.

ఆయన తపేలా నా కింద పెడతారు. వేళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి.

నేను కాలెత్తి తపేలాని తంతాను. అది బోర్లాపడి, మళ్ళీ లేచి, పియానోల వీపుల మధ్య నుంచి సముద్రం వైపు కొట్టుకుపోతుంది. కొంగలు లేచి వాలతాయి. ఆయన తపేలా వెనక వెళ్ళరు. నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ దోసిలి పట్టి నా కింద పెడతారు. నీళ్ళు ఆయన గడ్డం దాకా వచ్చాయి. దోసిలి కాలువ నీళ్ళతోనే నిండి ఉంది. ఆయన అలాగే పట్టుకుని ఉన్నారు, నేను ఇవ్వకుండా నిలబడి ఉన్నాను.